మాన్సల్, టిస్సింగ్టన్, హైపీక్: పాత రైలుదారుల్లో నడకకు ఏది మేలు?

ఇంగ్లండ్‌లోని డార్బీషైర్ కొండల్లో, పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానవనం లోపలా దాని అంచునా, 1960లలో మూతపడిన మూడు రైలు మార్గాలు ఇప్పుడు నడకదారులుగా మారాయి. మాంచెస్టర్, డార్బీ, షెఫీల్డ్ వైపు ఉంటూ, వేసవిలో మన ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లతో ఒక రోజు బయట గడపాలనుకునే తెలుగువారికి ఈ మూడూ అందుబాటులో ఉన్నవే. అందంలో దేనికదే సాటి కనుక, ఎంపికకు నేను పెట్టుకున్న గీటురాయి వేరు: ఆనాటి ఇంజినీరు కొండను ఏ ఉపాయంతో దాటాడు? రైలింజను నిటారుగా ఎక్కలేదు కాబట్టి, ఆయన తవ్విన సొరంగాలు, పోసిన కట్టలు, కోసిన కనుమలే ఇవాళ మన మోకాళ్లు పడే శ్రమను నిర్ణయిస్తాయి.

మాన్సల్ దారి బేక్‌వెల్ దగ్గర మొదలై బక్స్‌టన్ వైపు బ్లాక్‌వెల్ మిల్ దాకా, 8.5 మైళ్లు, అంటే సుమారు 14 కిలోమీటర్లు సాగుతుంది. మిడ్‌లాండ్ రైల్వే 1860లలో వై నది లోయ వెంట వేసిన ఈ మార్గం 1968లో మూతపడింది. నది మెలికలు తిరిగిన చోటల్లా రైలు కొండను తొలుచుకుని నేరుగా పోయింది కాబట్టి నడిచేవారికి చెప్పుకోదగ్గ ఎక్కుడు ఎక్కడా ఉండదు. అయితే సొరంగాలు చాలాకాలం మూసి ఉండేవి. వాటి దగ్గరికి వచ్చేసరికి దారి వదిలి కొండపక్క కాలిబాటలు ఎక్కి దిగాల్సి వచ్చేది. 2011 మేలో వాటికి దీపాలు పెట్టి తెరిచాకే ఈ దారికి నిజమైన విలువ వచ్చింది. ఆ దీపాలు పగటివేళ మాత్రమే వెలుగుతాయి కనుక సాయంత్రం ఆలస్యంగా బయలుదేరకూడదు. హెడ్‌స్టోన్ సొరంగం దాటగానే కాళ్లకింద లోయ, దాని మీదుగా అయిదు తోరణాల రాతి వంతెన కనిపిస్తాయి. బక్స్‌టన్ జనం అరగంటలో బేక్‌వెల్ చేరడం కోసం ఇంత అందమైన లోయను పాడుచేశారని రచయిత జాన్ రస్కిన్ అప్పట్లో మండిపడ్డాడు. ఆ వంతెననే తర్వాతి తరాలు రక్షిత కట్టడాల జాబితాలో చేర్చాయి. ఈ దారికున్న లోపం రద్దీ. ఎండ కాసిన ఆదివారాల్లో సైకిళ్లు గుంపులుగా వస్తాయి కాబట్టి చిన్నపిల్లల చేయి వదలడానికి వీలుండదు.

టిస్సింగ్టన్ దారి ఆష్‌బోర్న్ నుంచి పార్స్‌లీ హే దాకా 13 మైళ్లు, దాదాపు 21 కిలోమీటర్లు. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే 1899లో తెరిచిన ఈ మార్గాన్ని జాతీయ ఉద్యానవనం వారు కొని, 1971లో నడకదారిగా తెరిచారు. ఆష్‌బోర్న్ నుంచి ఉత్తరానికి దారి చాలా నెమ్మదిగా, కాని ఎడతెగకుండా, సున్నపురాతి పీఠభూమి మీదికి ఎక్కుతూనే ఉంటుంది. అందుకని పార్స్‌లీ హే నుంచి కిందికి నడవడమే తెలివైన పని. ఒక్క బెంట్లీ బ్రూక్ దగ్గర మాత్రం పాత వంతెనను తీసేశారు కాబట్టి నిటారుగా దిగి మళ్లీ ఎక్కాలి. ఆష్‌బోర్న్ ఇంకొద్ది దూరంలో ఉండగా, కాళ్లు అలసిన వేళ అది ఎదురవుతుంది. ఈస్టర్ తర్వాత వచ్చే క్రీస్తు ఆరోహణ పండుగకు టిస్సింగ్టన్ గ్రామంలో తడిమట్టి పూసిన పలకల మీద పూరేకులు అద్ది బావులను అలంకరిస్తారు. నడక తేదీ మన చేతిలో ఉంటే ఆ రోజులు చూసుకుని వెళ్లడం మంచిది.

హైపీక్ దారి తీరు పూర్తిగా వేరు. క్రామ్‌ఫర్డ్ కాలువనూ పీక్ ఫారెస్ట్ కాలువనూ కలుపుతూ 1830, 1831లలో తెరిచిన క్రామ్‌ఫర్డ్ అండ్ హైపీక్ రైల్వేలో 17.5 మైళ్ల భాగం ఇది. మొదట అక్కడ కాలువే తవ్వాలనుకున్నా, నీరు నిలవని సున్నపురాతి కొండపై అది కుదరలేదు. ఇంజినీరు జోసయాస్ జెస్సప్ రైలు మార్గాన్నే కాలువలాగా రూపొందించాడు: చాలా దూరం సమతలంగా నడిపించి, కాలువకు లాకులు ఉండే చోట నిటారైన వాలు పెట్టాడు. వ్యాగన్లను అక్కడ పైనున్న ఆవిరి యంత్రం గొలుసులతో, తర్వాతి రోజుల్లో ఇనుప తాళ్లతో లాగేది. షీప్ పాశ్చర్, మిడిల్టన్ వాలుల్లో దాదాపు ఎనిమిది అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరుగుతుంది. మిడిల్టన్ టాప్‌లో 1829లో బటర్లీ కంపెనీ తయారుచేసిన ఆ యంత్రం ఇప్పటికీ తన ఇంట్లోనే ఉంది. తెగిపోయి జారే వ్యాగన్లను ఆపడానికి తవ్విన గొయ్యి షీప్ పాశ్చర్ వాలు కింద నేటికీ చూడవచ్చు. ఈ వాలు ఎక్కి ఊపిరి పీల్చుకునేటప్పుడు, రైళ్ల తొలినాళ్లలో మనుషులు బరువుతో ఎంత పోరాడారో శరీరానికే అర్థమవుతుంది. ఆ అనుభవం మిగతా రెండు దారులూ ఇవ్వలేవు. పైన ‘మినింగ్‌లో’ అనే గుట్ట పరిసరాల్లో గాలికి అడ్డు తక్కువ, కనుక వేసవిలోనూ గాలి ఆపే కోటు వెంట ఉండాలి.

పెద్దవాళ్లు, తోపుడుబండిలో పసిపిల్లలు, చక్రాల కుర్చీ ఉన్నవారు వెంట ఉంటే మాన్సల్‌కు సాటి లేదు. మిల్లర్స్ డేల్ పాత స్టేషన్ నుంచి తూర్పుగా హెడ్‌స్టోన్ వంతెన దాకా వెళ్లి అదే దారిన తిరిగి వస్తే రెండు పొడవైన సొరంగాలు, లోయ అందమంతా దక్కుతాయి. రోజంతా ఒకే దిశలో, మాటల్లో మునిగి నడవాలనుకునే ఇద్దరు ముగ్గురికి టిస్సింగ్టన్ సరిపోతుంది. ఒంటరిగా వెళ్లే రోజైతే మాత్రం నేను హైపీక్‌నే ఎంచుకుంటాను. డార్బీ నుంచి రైల్లో వచ్చి క్రామ్‌ఫర్డ్‌లో దిగి, కాలువ గట్టు వెంట వాలు మొదలు దాకా నడిచి వెళ్లే సౌకర్యం దానికి ఉంది. నిటారు వాలులు వద్దనుకునేవారు కారులో మిడిల్టన్ టాప్‌కు చేరి పార్స్‌లీ హే వైపు నడిస్తే, హాప్టన్ దగ్గరి ఒక్క ఎక్కుడు తప్ప మిగతాదంతా దాదాపు చదునే. పార్స్‌లీ హే దగ్గర్లోనే టిస్సింగ్టన్ దారి కూడా వచ్చి కలుస్తుంది కనుక, ఓపిక మిగిలితే అక్కడి నుంచి హార్టింగ్టన్ పాత సిగ్నల్ గది దాకా వెళ్లి రావచ్చు.