ఎ మైనర్ స్లాష్ జి: చిటికెన వేలా, బొటనవేలా, లేక ఎ మైనర్ సెవెన్ చాలునా?

గిటార్‌పై ఎ మైనర్ స్లాష్ జి (Am/G) ఎలా పట్టాలన్నదే ఇక్కడి ప్రశ్న. కార్డు అంటే కలిసి మోగే కొన్ని స్వరాలు. స్లాష్ కార్డులో గీతకు ముందు ఉన్నది కార్డు, తరువాత ఉన్నది అన్నిటికన్నా అడుగున మోగవలసిన బాస్ స్వరం. ఎ మైనర్‌కు సి గాని ఇ గాని బాస్‌గా వచ్చినప్పుడు తర్జనభర్జన అవసరం లేదు, ఎందుకంటే కార్డులోని ఎ, సి, ఇ స్వరాలలోనే ఒకటి కిందికి దిగుతుంది. జి మాత్రం ఆ మూడింటిలో లేనిది. అది చేరగానే స్వరాల లెక్క ఎ మైనర్ సెవెన్‌తో సమానమవుతుంది కనుక, తేలికైన ఆ కార్డునే వాయిస్తే సరిపోదా అన్న సందేహం న్యాయమైనదే.

పాటలో ఆ కార్డు ఒంటరిగా వచ్చినా, బాస్ గిటార్ వాయించేవారు జి పలికిస్తున్నా, సరిపోతుంది. కానీ ఎ మైనర్ నుండి జి, ఎఫ్ షార్ప్, ఎఫ్ అంటూ బాస్ మెట్టుమెట్టుగా దిగే చోట ఎ మైనర్ సెవెన్ వాయిస్తే అడుగు స్వరం ఎ దగ్గరే నిలిచిపోతుంది. ఆ దిగుడే పాటకు ప్రాణమైనప్పుడు ఈ సర్దుబాటు నాకు సమ్మతం కాదు.

ఇక వేళ్ల సంగతి. ఎ మైనర్ పట్టిన మూడు వేళ్లనూ కదపకుండా చిటికెన వేలిని అన్నిటికన్నా లావైన ఆరో తీగపై మూడో ఫ్రెట్ (గిటార్ మెడపై అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర ఉంచి, అది కాస్త తాకి ఐదో తీగ మూగబోయేలా వాల్చడం మొదటి పద్ధతి. ఐదో తీగను మోగనిస్తే 110 హెర్ట్జ్‌ల ఎ, 98 హెర్ట్జ్‌ల జి మరీ దగ్గరగా ఢీకొని అడుగంతా మసకబారుతుంది. రెండో పద్ధతిలో గిటార్ మెడ మీదుగా వంచిన బొటనవేలు ఆరో తీగను నొక్కుతూ, దాని కొస ఐదో తీగను ఆపుతుంది. వెడల్పు మెడ ఉన్న క్లాసికల్ గిటార్‌పై ఇది కష్టం, చిన్న చేతులకు మరీ కష్టం. అయినా అందినవారికి దీని లాభం గొప్పది: పై వేళ్లు కదలకుండానే బొటనవేలు ఒక్కో ఫ్రెట్ వెనక్కి జరిగితే ఎఫ్ షార్ప్, ఆపై ఎఫ్ వస్తాయి, చివరిది ఎఫ్ మేజర్ సెవెన్‌గా పలుకుతుంది. చిటికెన వేలి పద్ధతిలోనైతే ఎఫ్ షార్ప్ దగ్గరే నడిమి వేలు ఆరో తీగకు వెళ్లాలి, ఉంగరపు వేలూ చిటికెన వేలూ నాలుగో, మూడో తీగలను అందుకోవాలి. కొత్తగా నేర్చుకునేవారికి చిటికెన వేలు మేలు, దిగుడు మొత్తం వాయించేవారికి మెడ సన్ననిదైతే బొటనవేలు మేలు.

రెండింటిలోనూ మూడో తీగపై వేలిని మాత్రం ఎత్తకూడదు. ఐదో తీగ మూగగా ఉన్నప్పుడు దాన్ని ఎత్తితే ఎ స్వరం ఎక్కడా మిగలదు. వినిపించేది జి బాస్‌గా ఉన్న సి మేజర్.