అన్నం మానెయ్యాలా, తగ్గించాలా: ఏది మేలు?

ఈ మధ్య ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న. "బాగా తగ్గావే, అన్నం పూర్తిగా మానేశావా?" మానలేదంటే నమ్మరు. మానేసి చూసిందీ నేనే, తగ్గించి చూసిందీ నేనే కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చెబుతాను.

ముందు మానేసిన కథ. ఆరేళ్ల కిందట అన్నం, టిఫిన్లు, పండ్లు అన్నీ ఆపేసి గుడ్లు, పనీరు, ఆకుకూరల మీద నాలుగు నెలలు గడిపాను. 84 కిలోల నుంచి 73కి వచ్చాను. మొదటి వారంలోనే మూడు కిలోలు పోయాయి. అందులో ఎక్కువ భాగం నీరే. పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది, దాన్ని అంటిపెట్టుకుని దాదాపు మూడింతల నీరు ఉంటుంది. ఆ నిలవ ఖర్చయితే నీరూ పోతుంది. అయినా తూకం మీద ఆ అంకె చూస్తే వచ్చే హుషారు చిన్నది కాదు, దాన్ని నేను తీసిపారెయ్యను. షుగర్ ఉన్నవాళ్లకి రీడింగులు కూడా త్వరగా దిగుతాయి. కానీ మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు డాక్టరుతో మాట్లాడి డోసు సరిచూసుకోకుండా అన్నం ఆపెయ్యకూడదు. షుగర్ మరీ పడిపోతే ప్రాణం మీదికొస్తుంది.

ఆ సంక్రాంతికి ఊరెళ్లాను. ముద్దపప్పు, కొత్త బియ్యం అన్నం, నెయ్యి. "పండగ పూటైనా తినరా" అంది అమ్మ. తిన్నాను. తప్పు ఆ పూట తినడంలో లేదు. మర్నాడు ఎంత పెట్టుకోవాలో నాకు తెలియకపోవడంలో ఉంది. నాలుగు నెలలు అన్నం ముట్టని చేతికి కొత్త కొలత ఎక్కడి నుంచి వస్తుంది? గుర్తున్నది పాత కొలతే. ఏడాదిన్నర తిరిగేసరికి 86.

"నిదానంగా తగ్గితే మళ్లీ పెరగరు" అని చాలామంది అంటారు. నేనూ అదే నమ్మేవాణ్ణి. 2014లో మెల్‌బోర్న్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం చదివాక ఆ మాట అనడం మానేశాను. 204 మంది స్థూలకాయుల్లో కొందరిని 12 వారాల్లో, మిగతావాళ్లని 36 వారాల్లో తగ్గించే పథకాల్లో పెట్టారు. బాగా తగ్గినవాళ్లని ఆపైన 144 వారాలు గమనించారు. వేగంగా తగ్గినవాళ్లూ, మెల్లగా తగ్గినవాళ్లూ పోగొట్టుకున్న దాంట్లో దాదాపు 71 శాతం తిరిగి తెచ్చుకున్నారు! అంటే నిదానం ఒక్కటే కాపాడదు.

మరి కాపాడేదేమిటి? నా లెక్కలో ఒక్కటే: తగ్గేటప్పుడు తిన్న తిండే తగ్గాక కూడా తినగలగాలి. పది కిలోలు తగ్గిన ఒంటికి మునుపటంత తిండి అక్కర్లేదు, ఆకలి మాత్రం మునుపటికన్నా ఎక్కువే వేస్తుంది. అందుకే పాత కంచానికి వెళ్తే పాత బరువుకి వెళ్లినట్టే. అన్నం మానేసినవాళ్లు ఈ కొత్త కంచాన్ని అలవాటు చేసుకునే అవకాశమే పోగొట్టుకుంటారు. తగ్గించుకునేవాళ్లకి ఆ నెలలన్నీ అదే సాధన.

రెండోసారి నేను చేసింది చాలా చిన్న పని. మా ఇంట్లో మధ్యాహ్నం అన్నం నాలుగుసార్లు పడుతుంది: పప్పులోకి, పులుసులోకి, చారులోకి, ఆఖర్న పెరుగులోకి. మొదటి రెండు నెలలు చారన్నం ఒక్కటే తీసేశాను. చారు గ్లాసులో పోసుకుని తాగేవాణ్ణి. మిరియాల ఘాటు, ఇంగువ వాసన ఎక్కడికీ పోలేదు. తర్వాత రాత్రిపూట మారు వడ్డించుకోవడం ఆపాను. ఆపే ముందు ఓ రోజు ఆ మారు అన్నాన్ని వంటింటి తూకం మీద పెడితే 160 గ్రాములు చూపించింది. వండిన అన్నం వంద గ్రాములకి సుమారు 130 కేలరీలు, అంటే ఆ ఒక్క మారుకే రెండొందల పైచిలుకు. ఆ ఖాళీలో కూర రెండింతలు పెట్టుకున్నాను. వేపుడు కాదు, పప్పు వేసిన కూరో, పెసరపప్పు కోసంబరో. సాయంత్రం నలభై నిమిషాల నడక. పద్నాలుగు నెలల్లో 86 నుంచి 75. మధ్యలో రెండు నెలలు అంకె కదల్లేదు. అన్నం మానేసిన రోజుల్లో అయితే అలాంటప్పుడు భయపడిపోయేవాణ్ణి. ఈసారి తింటున్నది రోజూ తినే తిండే కాబట్టి ఓపిక పట్టగలిగాను.

కొర్రలు, రాగుల గురించి కూడా అడుగుతున్నారు. పీచు ఎక్కువ, మంచివే. కానీ గింజల్లో గ్రాముకి కేలరీలు బియ్యానికి దగ్గర్లోనే ఉంటాయి, కొర్రన్నం మారు పెట్టుకుంటే ఫలితం పెద్దగా మారదు. పదహారు గంటల ఉపవాసం కుదిరినవాళ్లు చేసుకోవచ్చు. రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి తినే ఇల్లు మాది, నాకు కుదరలేదు.

పెళ్లి నెల రోజుల్లో ఉందనో, ఆపరేషన్‌కి ముందు డాక్టరు తగ్గమన్నారనో అయితే వేగంగా తగ్గే దారి పట్టండి, కాదనను. అయితే అన్నం మళ్లీ మొదలుపెట్టేనాటికి ఎంత పెట్టుకోవాలో ముందే కొలిచి పెట్టుకోండి.

75కి వచ్చి ఇప్పటికి మూడేళ్లు. ప్రతి సోమవారం పొద్దున్నే తూకం ఎక్కుతాను. 77 దాటిందా, మళ్లీ అక్కడికి దిగేదాకా పులుసులోకి అన్నం ఉండదు. పెరుగన్నం మాత్రం ఏనాడూ తియ్యలేదు.