ఇసుక మనకూ ఉంది: సిక్కోలు నుంచి అండమాన్ వెళ్లేవాళ్లకు బీచ్‌ల సమీక్ష

అండమాన్ బీచ్‌ల మీద వచ్చే సమీక్షలు ఎక్కువగా సముద్రం లేని ఊళ్లవాళ్లు రాసినవే. వాళ్లకు కెరటం కనిపిస్తే చాలు, పదికి పది వేసేస్తారు. మన శ్రీకాకుళం, విజయనగరం తీరంలోని బారువ, భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి బీచ్‌లు చూస్తూ పెరిగినవాళ్లకు ఆ లెక్క పనికిరాదు. పొడవాటి ఇసుక తీరం, కొబ్బరితోటలు, సరుగుడు తోపులు, లైట్‌హౌసు, ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోటు, ఇవన్నీ మనకు బస్సు టికెట్టు దూరంలోనే ఉన్నాయి. వేలకు వేలు పోసి అంత దూరం వెళ్లేది మన దగ్గర లేనిదాని కోసమే కదా. మనకు లేనిది నిలకడగా ఉండే తేటనీరు, దాని అడుగున బతికున్న పగడం. ఇక్కడ ప్రతి బీచ్‌నూ ఆ లెక్కలోనే తూచాం.

మన దగ్గర అలాంటి నీరు ఎందుకుండదో తెలిస్తే అక్కడ ఏ బీచ్ ఎంచుకోవాలో సగం తెలిసినట్టే. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, చంపావతి ఏటేటా ఒండ్రు తెచ్చి మన సముద్రంలో కలుపుతాయి. నీరు మడ్డిగా ఉంటే ఎండ అడుగుదాకా దిగదు, ఎండ దిగనిచోట పగడం పెరగదు. పైగా బంగాళాఖాతపు కెరటానికి అడ్డు ఏమీ లేదు కాబట్టి తిన్నగా ఒడ్డుకే వచ్చి విరుగుతుంది. అండమాన్‌లో పెద్ద నదులు లేవు. ద్వీపాల అంచున పగడపు దిబ్బలు గోడకట్టినట్టు ఉండి, కెరటాన్ని బయటే విరగ్గొడతాయి. ఇసుక రంగులో తేడాకు కూడా కారణం ఇదే. మన ఇసుక కొండరాయి అరిగి నదుల వెంట వచ్చింది, అందుకే అందులో ఇల్మనైట్, గార్నెట్ ఖనిజాల చారలు నల్లగా, ఎర్రగా కనిపిస్తాయి. అక్కడి ఇసుక పగడం, గవ్వలు నలిగిన పొడి.

ఈ లెక్కన మొదటి స్థానం నీల్ ద్వీపంలోని భరత్‌పూర్ బీచ్‌కి. 2018 డిసెంబరు నుంచి నీల్ పేరు షహీద్ ద్వీప్, హేవలాక్ పేరు స్వరాజ్ ద్వీప్ అయ్యాయి. టికెట్ల మీద రెండు రకాల పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడక్కర్లేదు. భరత్‌పూర్ జెట్టీ పక్కనే ఉంటుంది, నడిచి వెళ్లిపోవచ్చు. నీరు చాలా దూరం వరకు నడుము లోతే. అలలు లేవనే చెప్పాలి. ఈత రాని పెద్దవాళ్లు, సముద్రమంటే భయపడే పిల్లలు ఇక్కడ ధైర్యంగా దిగుతారు. కళింగపట్నంలో ఒడ్డునే నిలబడి పాదాలు తడుపుకునే అమ్మమ్మలు కూడా ఇక్కడ నీళ్లలో కూర్చోగలరు.

అయితే భరత్‌పూర్‌కి వెళ్లి నిరాశపడి వచ్చేవాళ్లు కూడా చాలామందే. తప్పు బీచ్‌ది కాదు, వెళ్లిన వేళది. పాటు సమయంలో నీరు వెనక్కి పోయి, చచ్చిన పగడపు ముక్కలు, నాచు పట్టిన రాళ్లు బయటపడతాయి. ఫొటోల్లో చూసిన నీలం రంగు ఎక్కడా కనిపించదు, చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే పాదాలు కోసుకుపోతాయి. అదే చోట ఆరుగంటల తర్వాత పోటు మీద చూస్తే ఆ రాళ్లన్నీ మునిగి అద్దంలాంటి నీరు. అందుకే అండమాన్ వెళ్లేవాళ్లు హోటల్ రివ్యూల కంటే ముందు చూడాల్సింది గోడ మీది తెలుగు క్యాలెండరు.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుపాట్ల తేడా ఎక్కువ. ఆ ప్రాంతంలో రెండు మీటర్ల దాకా ఉంటుంది. ఆ రోజుల్లో పోటు ఉదయం పది ప్రాంతంలో, పాటు సాయంత్రం నాలుగు ప్రాంతంలో వస్తుంది. ఆ తర్వాత రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ, అష్టమి వచ్చేసరికి వరస తిరగబడుతుంది: ఉదయం పదికి పాటు, సాయంత్రానికి పోటు. కానీ అష్టమి రోజుల్లో తేడా తక్కువ కాబట్టి నీరు మరీ వెనక్కి పోదు. మన జాలరులకు ఇది కొత్త సంగతి కాదు, తిథి చూసి నీటి వాలు చెప్పగలరు. కచ్చితమైన సమయం మాత్రం పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి దీని పేరు శ్రీ విజయపురం) పోటుపాట్ల పట్టికలో చూసుకోవాలి, లేదా జెట్టీ దగ్గర పడవవాళ్లను అడగాలి.

ఇదే ద్వీపంలో లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ దగ్గర సహజ రాతి వంతెన ఉంది. దానికి లెక్క పూర్తిగా తారుమారు, పాటు ఉంటేనే వెళ్లాలి. పోటులో దారంతా మునిగిపోతుంది. పాటులో రాళ్ల మధ్య గుంటల్లో నీరు నిలిచి చిన్న చేపలు, సముద్ర దోసకాయలు, నక్షత్ర చేపలు కనిపిస్తాయి. వేటినీ చేత్తో పైకి తీయకూడదు, గైడు తీసి చూపిస్తానన్నా వద్దనాలి. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు తప్పనిసరి. హవాయి చెప్పులు నాచు మీద జారిపోతాయి. అమావాస్యకో పౌర్ణమికో ఒకరోజు అటూ ఇటూగా నీల్‌లో ఉండేలా చూసుకుంటే ఉదయం భరత్‌పూర్, సాయంత్రం రాతి వంతెన, రెండూ ఒకే రోజు సరైన వేళకు దొరుకుతాయి. నీల్‌లో మిగతా రెండింటికీ పెద్ద హడావిడి అక్కర్లేదు: సూర్యోదయానికి సీతాపూర్, సూర్యాస్తమయానికి లక్ష్మణ్‌పూర్ ఒకటో బీచ్. సీతాపూర్ చూడ్డానికి బాగుంటుంది, స్నానానికి కాదు.

రెండో స్థానం హేవలాక్‌లోని రాధానగర్. పేరు మాత్రం దీనిదే పెద్దది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమ బీచ్ అంది, 2020లో శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. రెండు కిలోమీటర్ల మెత్తటి ఇసుక, దాని వెనకే ఆకాశాన్నంటే సముద్ర మహువా చెట్లు. ఆ చెట్ల నీడ ఇసుక దాకా దిగుతుంది, అది మన తీరంలో ఎక్కడా లేదు. బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు ఉన్నారు. నేల నెమ్మదిగా వాలుతుంది కాబట్టి స్నానానికి మంచిది. ఇక్కడ పగడం లేదు, అడుగంతా ఇసుకే. నీటి అడుగు చూసే మాస్కు పట్టుకుని వెళ్లడం దండగ.

ఉదయం పాటు మీద తడి ఇసుకను వంగి చూడండి. మినపగింజంత ఇసుక ఉండలు వందల కొద్దీ, పూల ముగ్గు వేసినట్టు ఒక చిన్న కన్నం చుట్టూ పరిచి ఉంటాయి. గోరంత పీత ఇసుకను నోట్లో వేసుకుని, అందులోని తిండి పీల్చుకుని, మిగిలింది ఉండ చేసి పక్కన పెడుతుంది. మళ్లీ పోటు వచ్చేసరికి అంతా చెరిగిపోతుంది. కళింగపట్నంలో అడుగుల చప్పుడుకు పరుగెత్తే ఎర్ర పీతలను చూసిన పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది.

రాధానగర్‌లో కుడివైపు చివర నీల్స్ కోవ్ అనే మడుగు ఉంది. చూడ్డానికి అంత అందమైన చోటు మరొకటి లేదు, అయినా అందులో దిగకూడదు. 2010లో ఉప్పునీటి మొసలి దాడిలో ఒక విదేశీ పర్యాటకురాలు అక్కడే చనిపోయింది. అండమాన్‌లో మొసలి ఉన్నది నిజం. మడ అడవి పక్కన, వాగు కలిసే చోట, పొద్దుగూకాక నీళ్లలోకి వెళ్లవద్దు. ఏరు కలిసే చోట స్నానం చేయడం మనకు అలవాటు, అక్కడ ఆ అలవాటు ప్రమాదం. వండూర్, కార్బిన్స్ కోవ్ దగ్గర కూడా హెచ్చరిక బోర్డులు ఉంటాయి.

సూర్యాస్తమయం కోసం రాధానగర్ వెళ్లేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు వేళ చూసుకోకపోవడం. గడియారం మనదే కానీ ద్వీపాలు మనకు చాలా తూర్పున ఉన్నాయి. డిసెంబరులో ఐదు గంటలకే పొద్దు వాలిపోతుంది. మూడున్నరకల్లా బీచ్‌లో ఉండాలి. జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లు, తిరుగు ప్రయాణానికి ఆటో ముందే మాట్లాడుకోండి.

ఎలిఫెంట్ బీచ్‌కి మూడో స్థానం. పగడం చూడాలంటే హేవలాక్‌లో తేలికైన చోటు ఇదే, కానీ రద్దీ. జెట్టీ నుంచి పడవలో వెళ్లొచ్చు, లేదా అడవిలోంచి ముప్పావు గంట నడిచి వెళ్లొచ్చు. వాన పడితే ఆ దారి మోకాలి బురద. పడవ టికెట్టుతో పాటు స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగు చూడడం) ఇస్తారు, అది కొద్ది నిమిషాలే. ఎక్కువసేపు కావాలంటే ఎంతసేపు, ఎంత దూరం, గైడు ఎంతమందిని పట్టుకెళ్తాడు అన్న మూడూ డబ్బు కట్టకముందే అడగాలి. మొదటి పడవలోనే వెళ్లిపోండి. పది దాటితే జనం కాళ్లు లేపిన ఇసుకతో నీరు మసకబారుతుంది.

మాస్కు ఎంపిక మీదే ఆ కొద్ది నిమిషాలు ఆధారపడి ఉంటాయి. పట్టీ తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చేయి తీసేసినా పడిపోకుండా అంటుకుని ఉంటే అది మీ కొలత. పడిపోతే మరొకటి అడగండి, పట్టీ బిగిస్తే సరిపోతుందన్న మాట వినవద్దు. బిగించేకొద్దీ రబ్బరు అంచు వంగి ఇంకా నీరు కారుతుంది. మీసం ఉన్నవాళ్లకు పైపెదవి దగ్గర కారుతుంది, కొంచెం వాజ్‌లైన్ రాస్తే ఆగుతుంది. అంచులో ఒక్క వెంట్రుక కూడా ఇరుక్కోకూడదు. అద్దం మసక పట్టకుండా లోపల ఉమ్మి రుద్ది ఒక్కసారి తొలిపితే చాలు. ఆడవాళ్లు చీర, చున్నీతో దిగవద్దు. తడిసిన బట్ట కాళ్లకు చుట్టుకుంటుంది. లెగ్గింగ్, పొడుగు చేతుల టీషర్టు ఎండకూ పగడం గీతలకూ రెండిటికీ కాపు. పగడం గీసుకుంటే మంచినీటితో బాగా కడిగి మందు రాయాలి. వదిలేస్తే చీము పడుతుంది.

స్కూబా, అంటే గాలి సిలిండరుతో లోతుకు దిగడం, చేయాలనుకుంటే ఒక్క నియమం మరవవద్దు. డైవ్ చేసిన తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. లోతులో ఒంట్లోకి చేరిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. ఆకాశంలో ఒత్తిడి తగ్గేసరికి అది బుడగలు కడితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి స్కూబా ప్రయాణం మొదట్లోనే పెట్టుకోవాలి. జలుబు, ఉబ్బసం ఉంటే మానేయాలి.

నిజమైన పగడపు తోట చూడాలన్న పట్టుదల ఉంటే వండూర్ నుంచి పడవలో వెళ్లే జాలీ బాయ్ ద్వీపం వీటన్నిటికంటే మేలు. మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కులోది కాబట్టి అనుమతి ముందే తీసుకోవాలి. ఏడాదిలో కొన్ని నెలలే తెరుస్తారు, మూసిన కాలంలో రెడ్ స్కిన్ ద్వీపానికి పంపిస్తారు. ప్లాస్టిక్ కవరు తీసుకెళ్లనివ్వరు, నీళ్ల సీసాకు డిపాజిట్ కట్టించుకుంటారు. అక్కడి నీరు ఇంకా తేటగా ఉందంటే ఈ కట్టుబాటు కూడా ఒక కారణం. మన బీచ్‌లలో కూడా ఇలా చేస్తే ఎంత బాగుండును.

కాలాపత్థర్, విజయనగర్ బీచ్‌లు హేవలాక్ తూర్పు ఒడ్డున ఉన్నాయి. పొద్దున్నే ఒక నడకకు బాగుంటాయి. డిసెంబరు, జనవరిలో ఈశాన్య గాలికి ఈ ఒడ్డున అలల తాకిడి ఎక్కువగా ఉంటుంది, పడమర ఒడ్డు నెమ్మదిస్తుంది. మే మూడో వారం నుంచి నైరుతి వచ్చాక దానికి తిరుగుడు, రాధానగర్ ఉగ్రంగా ఉంటుంది. విజయనగర్ పేరు చూసి ఇజీనగరం గుర్తొచ్చి మురిసిపోతాం గానీ అక్కడి ఊళ్లలో స్థిరపడినవాళ్లు ఎక్కువగా బెంగాలీలు. తెలుగు కావాలంటే పోర్ట్‌బ్లెయిర్‌లో దొరుకుతుంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆటోవాళ్లతో, చేపల మార్కెట్టులో మన యాసలో మాట్లాడి చూడండి.

పోర్ట్‌బ్లెయిర్‌లోని కార్బిన్స్ కోవ్ మాత్రం మనవాళ్లకు అవసరం లేదు. విమానానికి ముందు రెండు గంటలు మిగిలితే సరే. దిగ్లీపూర్ దగ్గర రాస్, స్మిత్ ద్వీపాలను కలిపే ఇసుక తిన్నె అపురూపమైనదే కానీ రానూపోనూ రెండు రోజులు పోతాయి. వారం పైన సెలవున్నవాళ్లకే.

కాలం విషయానికొస్తే జనవరి నుంచి ఏప్రిల్ దాకా మేలు, నీటి తేట కోసం ఫిబ్రవరి తర్వాత ఇంకా మంచిది. అక్టోబరు, నవంబరు వద్దు. తిత్లీ 2018 అక్టోబరులో మనల్ని ముంచినట్టే ఆ నెలల్లో తుపానులు అండమాన్ వైపు కూడా పుడతాయి. 2016 డిసెంబరులో వాయుగుండం వచ్చి పడవలు ఆగిపోతే హేవలాక్, నీల్‌లలో వందలమంది పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. అందుకే తిరుగు విమానం ముందురోజు రాత్రి తప్పకుండా పోర్ట్‌బ్లెయిర్‌లోనే పడుకోవాలి. ఉదయం నీల్ నుంచి పడవెక్కి మధ్యాహ్నం విమానం అందుకోవాలని లెక్కలేసుకున్నవాళ్లు టికెట్లు పోగొట్టుకుంటారు.

ద్వీపాల మధ్య పడవకు గుర్తింపు కార్డు కావాలి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవలాక్‌కి ప్రైవేటు పడవ గంటన్నర, సర్కారు పడవ రెండు గంటల పైన. సర్కారుది చవక, కానీ పండగ రోజుల్లో సీటు దొరకదు. ఎక్కే గంట ముందు ఇడ్లీలాంటి తేలిక తిండి తిని, వాంతుల భయమున్నవాళ్లు డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవాలి. పడవ కదిలాక వేసుకున్న మాత్ర అంతగా పనిచేయదు. నీల్‌లో ఫోన్ చెల్లింపులను నమ్ముకోవద్దు, చేతిలో నోట్లు ఉంచుకోండి.

మొత్తం ఐదు రాత్రులుంటే హేవలాక్ రెండు, నీల్ రెండు, చివరిది పోర్ట్‌బ్లెయిర్. నాలుగే ఉంటే హేవలాక్‌లో ఒకటి తగ్గించండి, నీల్‌లో కాదు. పిల్లలు ఏరిన పగడపు ముక్కలు, పెద్ద శంఖాలు అక్కడే వదిలించండి. 1972 వన్యప్రాణి చట్టం కింద పగడం తేవడం నేరం, విమానాశ్రయంలో సంచి స్కాన్ చేసినప్పుడు బయటపడుతుంది. గవ్వలు కావాలంటే లైసెన్సున్న దుకాణంలో కొని బిల్లు దగ్గర ఉంచుకోండి.