చైన్ హోటలా, హెల్తీ కేఫా, మామూలు హోటలా: ఊళ్లో ఆరోగ్యంగా తినడానికి ఏది మేలు?

బయట తినడం తప్పదు, ఆరోగ్యమూ పాడవకూడదు అనుకునేవాళ్లకి సొంత ఊళ్లో మూడు రకాల చోట్లు కనిపిస్తాయి. ఒకటి, మెనూలో ప్రతి ఐటమ్ పక్కనా క్యాలరీలు రాసే పెద్ద చైన్ హోటల్. రెండోది, పేరులోనే హెల్త్, ఫిట్, గ్రీన్ లాంటి మాట పెట్టుకుని సలాడ్లు, బౌల్స్, స్మూతీలు అమ్మే కేఫ్. మూడోది అలాంటి బోర్డేమీ లేని మామూలు హోటల్. ఓనరే కౌంటర్ దగ్గర కూర్చుంటాడు, లోపల చాలావరకు ఆర్డర్ వచ్చాకే వండుతారు. నా ఓటు మూడోదానికి. అయితే అది అందరికీ పనికిరాదు, ఎవరికి పనికిరాదో తర్వాత చెప్తాను.

ముందు చైన్ హోటల్ సంగతి. దాని బలం అంకె. న్యూయార్క్ నగరం 2008లోనే చైన్ రెస్టారెంట్ల మెనూల మీద క్యాలరీలు రాయించింది. అమెరికా అంతటా 20, అంతకు మించి శాఖలున్న వాటికి 2018 మేలో అదే రూలు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ 250 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థలకీ, అదే ఏడాది జూలైలో ఇండియా పదీ అంతకు మించి చోట్ల నడిచే హోటళ్లకీ ఇలాంటి నిబంధనే పెట్టాయి. వెళ్లేముందే ఫోన్‌లో మెనూ చూసుకుని ఏం తినాలో తేల్చుకోవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు.

కానీ ఆ అంకె చూసి మనం నిజంగా తక్కువ తింటున్నామా? అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 2025లో ఒకచోట చేర్చి చూసింది. క్యాలరీలు రాయడం వల్ల 600 క్యాలరీల భోజనంలో తగ్గింది సగటున 11 క్యాలరీలు. రెండు బాదంపప్పులంత కూడా లేదు. పైగా క్యాలరీ అంకె ఉప్పు గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు తినమంటుంది. ఒక్క ప్లేటులోనే 2,300 మిల్లీగ్రాములు, అంతకు మించి సోడియం ఉండే ఐటమ్స్ చైన్ మెనూల్లో ఉన్నాయి కాబట్టే న్యూయార్క్ 2015లో వాటి పక్కన ఉప్పు సీసా గుర్తు వేయాలని మరో రూలు తెచ్చింది. ఉప్పు లెక్కలో చూస్తే అది దాదాపు ఆరు గ్రాములు, రోజు మొత్తానికి ఉన్న హద్దు ఒక్క ప్లేటుతోనే దాటిపోతుంది.

సరే, ఉప్పు తగ్గించమని అడుగుదామా అంటే అక్కడ అడగడానికి ఎవరూ ఉండరు. సాస్, గ్రేవీ, మారినేషన్ అన్నీ ఎక్కడో తయారై ప్యాకెట్లలో వస్తాయి. ఇక్కడి కుర్రాడు వేడిచేసి ఇస్తాడు, అంతే. అసలు చిక్కు ఇదే. లెక్క తెలిసే చోట మార్చడం కుదరదు, మార్చి వండే చోట లెక్క తెలియదు. మూడింటిలో ఏది మేలో తేల్చుకోవడమంటే, ఈ రెండిట్లో మీకు ఏది ముఖ్యమో తేల్చుకోవడమే.

హెల్తీ కేఫ్ విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను. అక్కడ కూరగాయలు దండిగా పడతాయి, పొట్టుతో ఉన్న గింజలు దొరుకుతాయి, వేపుళ్లు తక్కువ. ఇవన్నీ నిజమే. బోర్డు చూసి మనం నిశ్చింతగా ఉండిపోవడమే సమస్య. పంచదార వాడం, తేనె వాడతాం అని రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో తేనె, పళ్లరసంలోని చక్కెర కూడా తగ్గించుకోవాల్సినవే. రోజుకు రెండు వేల క్యాలరీలు తినే మనిషికి వాళ్లు పెట్టిన హద్దు 50 గ్రాములు, వీలైతే 25. పెద్ద గ్లాసుడు పళ్లరసంలోనే ఆ పాతిక గ్రాములూ అయిపోతాయి. సలాడ్ మీద పోసే డ్రెస్సింగ్ మరొకటి. నూనె ఏదైనా సరే, ఎంత మంచిదైనా సరే, ఒక టేబుల్ స్పూన్ అంటే దాదాపు 120 క్యాలరీలు. మూడు స్పూన్లు పోస్తే కింద ఉన్న ఆకులన్నిటికంటే పైన ఉన్న నూనెదే బరువైన లెక్క. అందుకే అక్కడికి వెళ్తే డ్రెస్సింగ్ విడిగా గిన్నెలో ఇవ్వమనండి, స్మూతీలో ఏం కలుపుతారో అడగండి. సంతోషంగా చెప్తే మంచి చోటే. మా సీక్రెట్ రెసిపీ అంటే వేరే చోటు చూసుకోండి.

ఇక మామూలు హోటల్. దీన్ని వెతికి పట్టుకోవాలి, అదే కష్టం. యాప్‌లో నక్షత్రాలు చూస్తే దొరకదు. సియాటిల్ రెస్టారెంట్ల మీద మైకెల్ లూకా అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనంలో, యెల్ప్ అనే రివ్యూల సైట్‌లో ఒక్క నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగిందని తేలింది. ఆ లాభం కూడా సొంతంగా నడిచే హోటళ్లకే, చైన్లకు కాదు. అంటే చిన్న హోటల్ ఓనరుకి నక్షత్రం అంటే డబ్బు. నక్షత్రాలు రుచికీ, సర్వీసుకీ, లైటింగుకీ పడతాయి కాబట్టి ఓనరు దృష్టీ వాటి మీదే ఉంటుంది. నేనైతే నక్షత్రాలు వదిలేసి రివ్యూల్లో మాటలు వెతుకుతాను. నూనె, ఉప్పు, మసాలా, దాహం. తిన్నాక రాత్రంతా నీళ్లు తాగుతూనే ఉన్నాం అని ఇద్దరు ముగ్గురు రాశారంటే ఆ హోటల్ లిస్టులోంచి పోతుంది. కాస్త చప్పగా ఉంది, మిగతాదంతా ఫ్రెష్ అని ఎవరైనా మూడు నక్షత్రాలిచ్చారంటే నేను అక్కడికి తప్పకుండా వెళ్తాను.

రివ్యూల కంటే నమ్మదగింది, మీ ఊళ్లో బీపీయో షుగరో ఉండి కూడా ఉద్యోగం కోసం రోజూ బయట తినేవాళ్ల మాట. ఏ హోటల్లో ఏ పూట ఏం తినొచ్చో వాళ్లకి కంఠతా వచ్చి ఉంటుంది.

పేరు దొరికాక మీరే వెళ్లి చూడాలి. వారం మధ్యలో, రద్దీ మొదలవ్వకముందు వెళ్లండి. శనివారం రాత్రి ఎంత మంచి వంటమనిషికైనా మీ కోరిక వినే తీరిక ఉండదు. కూర్చున్నాక సర్వర్‌ని ఒక్కటే అడగండి: "దీన్ని నూనె సగం వేసి చేయగలరా?" ఆ జవాబుతో వంటగది గుట్టంతా తెలుస్తుంది. వెంటనే "చేస్తాం సార్" అని రాసుకుని వెళ్లిపోతే పెద్దగా ఆశపెట్టుకోవద్దు. ప్లేటు వచ్చాక అంచుల చుట్టూ నూనె తేలుతూ కనిపించే అవకాశమే ఎక్కువ. "ఉండండి, లోపల కనుక్కొస్తాను" అని వెళ్లి వచ్చాడంటే మంచి గుర్తు. అన్నిటికంటే నాకు నచ్చే జవాబు ఇంకోటి ఉంది. "దీనికి కుదరదండీ, గ్రేవీ పొద్దున్నే కలిపేస్తాం. గ్రిల్‌ది తీసుకోండి, అది ఇప్పుడే చేస్తారు, మీరెలా చెప్తే అలా చేయిస్తాను." కాదని నిజం చెప్పి, అయ్యే దారి చూపించిన మనిషి ఉన్న చోటే నా ఫేవరెట్ హోటల్ అవుతుంది. ఏది ముందే వండి పెట్టారో, ఏది అప్పటికప్పుడు వండుతారో అతనికి తెలుసు, దాచాలని కూడా అనుకోవడం లేదు.

వేపుళ్లు తింటే నూనె సంగతీ గమనించండి. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పెరుగుతాయి. చాలా దేశాలు వాటికి పాతిక శాతం దగ్గర గీత గీశాయి, అది దాటితే ఆ నూనె పారేయాలి. కొలిచే పరికరం మన దగ్గర ఉండదు కానీ ముక్కు ఉంది. లోపలికి అడుగుపెట్టగానే మాడు వాసన గుప్పుమంటే, వేపుడు నల్లబారి చేతికి జిగురుగా అంటుకుంటే, ఆ చోట వేపుడు జోలికి పోవద్దు.

ఇంత చెప్పినా, ఇన్సులిన్ డోసు కోసం కార్బోహైడ్రేట్లు లెక్కపెట్టుకునేవాళ్లకి నేను మామూలు హోటల్ చెప్పను. వాళ్లకి అంకె కావాల్సిందే, కాబట్టి ఆ వివరాలు ఇచ్చే చైనే మేలు. ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ ఉన్నవాళ్లకీ రాతపూర్వకంగా వివరాలిచ్చే చోటే క్షేమం. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబర్ నుంచి చిన్నా పెద్దా తేడా లేకుండా ప్రతి రెస్టారెంటూ 14 రకాల ఎలర్జీ పదార్థాల వివరం ఇవ్వాలి. అలాంటి రూలు లేని చోట సర్వర్ నోటిమాట మీద ఆధారపడి రిస్క్ తీసుకోకండి. హెల్తీ కేఫ్ దేనికంటే, ఆఫీసులో మధ్యాహ్నం అరగంటలో తినేసి వెళ్లాల్సిన రోజుకి బాగా పనికొస్తుంది.

పార్శిల్ విషయంలో మాత్రం మామూలు హోటల్ కూడా దెబ్బతింటుంది. యాప్‌లో రాసిన "తక్కువ నూనె" అనే నోట్ రద్దీలో లోపలిదాకా చేరకపోవచ్చు. హోటల్ నంబరు తీసుకుని నేరుగా ఫోన్ చేయండి. రెండు మూడుసార్లు అక్కడ కూర్చుని తిన్నవాళ్లయితే గొంతు గుర్తుపట్టి, మీరు అడగకముందే నూనె తగ్గించమని లోపలికి చెప్తారు.