బొద్దింకలకు స్ప్రేనా, చాక్‌పీసా, జెల్లా? పసిపిల్లలున్న ఇంటికి ఏది మేలు?

హైదరాబాద్‌లో ఏ కిరాణా కొట్టుకి వెళ్ళి బొద్దింకల మందు అడిగినా ముందు స్ప్రే డబ్బా చేతిలో పెడతారు. ఖరీదు ఎక్కువంటే చాక్‌పీసు ఇస్తారు. ఎరలో మందు కలిపి సిరంజిలో అమ్మే జెల్ మాత్రం పేరు పెట్టి అడిగితేనే బయటికొస్తుంది. నా ఉద్దేశంలో ఈ వరస తలకిందులుగా ఉంది. వంటింటి బొద్దింకలకి, అందులోనూ పాకే పిల్లలో ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళో ఉన్న ఇంట్లో, మొదట కొనాల్సింది జెల్. స్ప్రే అవసరం అరుదుగా వస్తుంది.

మందు కొనేముందు ఏ బొద్దింకో చూడండి. మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. చిన్నది అర అంగుళం ఉంటుంది, లేత గోధుమ రంగు, తల వెనక రెండు నల్లటి చారలు. ఇదే జర్మన్ బొద్దింక. పేరులో జర్మనీ ఉన్నా, ఇది సుమారు 2,100 ఏళ్ళ కిందట భారత్ లేదా మయన్మార్ ప్రాంతంలో పుట్టిందని 2024లో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. ఇది బయటినుంచి రోజూ వచ్చిపోయేది కాదు. ఫ్రిజ్ మోటారు దగ్గర, మిక్సీ అడుగున, స్టవ్ బండ కింద, కప్‌బోర్డు సందుల్లో కాపురముంటుంది. కిరాణా అట్టపెట్టెల్లో, పాత ఫర్నిచర్‌లో కొత్త ఇళ్ళకి చేరుతుంది. రెండోది ఒకటిన్నర అంగుళం దాకా పెరిగే ఎర్రటి పెద్ద బొద్దింక. దీని అసలు చోటు డ్రైనేజీ చాంబర్లు, పైపుల షాఫ్టులు. గట్టి వాన పడి చాంబర్లు నిండాయంటే బాత్రూమ్ జాలీలోంచి పైకి వచ్చేస్తుంది. ఈ రెండింటికీ ఒకే మందు సరిపోదు. మందు పనిచేయలేదని తిట్టుకునే చాలా ఇళ్ళల్లో జరిగేది ఇదే.

స్ప్రే సంగతి చూద్దాం. మార్కెట్లో ఉన్న స్ప్రేలలో ఎక్కువగా ఉండేవి సైపర్‌మెత్రిన్, ఇమిప్రోత్రిన్ లాంటి పైరెథ్రాయిడ్లు అనే రకం పురుగుమందులు. పురుగు నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వవు, దాంతో అది నిమిషాల్లో వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటుంది. కళ్ళముందే చస్తుంది కాబట్టి మందు మంచిదనిపిస్తుంది. కానీ రాత్రి లైటు వేయగానే మనకి కనిపించేవి ఇంట్లో ఉన్నవాటిలో కొన్నే. మిగతావి సందుల్లోనే ఉంటాయి. పైరెథ్రాయిడ్ వాసన తగిలితే అవి ఇంకా లోపలికో, పక్క ఫ్లాటుకో జరుగుతాయి. ఆడ జర్మన్ బొద్దింక ముప్ఫై నలభై గుడ్లున్న తిత్తిని పొదిగేవేళ దాకా ఒంటికి అంటించుకునే తిరుగుతుంది. ఆ తిత్తి లోపలికి మందు సరిగా చేరదు. పైగా చాలా దేశాల్లో జర్మన్ బొద్దింకలు పైరెథ్రాయిడ్లకి లొంగడం మానేశాయి.

ఆరోగ్యం లెక్కలో స్ప్రేతో నాకున్న పెద్ద అభ్యంతరం, మందు గాల్లోకి, గట్టు మీదకి, నేల మీదకి వెళ్ళడం. ఆరుబయట ఎండకి పైరెథ్రాయిడ్లు త్వరగా విరిగిపోతాయి. ఇంటి లోపల దుమ్ములో అంతకంటే చాలాకాలం నిలుస్తాయి. పాకే పిల్ల అదే నేల మీద చేతులు పెట్టి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. పెద్దవాళ్ళకి దగ్గు, ముక్కు మంట, చర్మం మీద చురచురలు రావచ్చు. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఆయాసం ఎక్కువ కావచ్చు. అక్వేరియం ఉంటే చేపలకి సైపర్‌మెత్రిన్ చాలా ప్రమాదం. పిల్లుల కాలేయం కూడా ఈ మందుల్ని సరిగా విరగ్గొట్టలేదు. చాలా డబ్బాల్లో మందుని బయటికి తోసేది మండే గ్యాసే. వంటింట్లోనే దేవుడి గూడు ఉన్న ఇళ్ళల్లో దీపం, అగరొత్తి వెలుగుతుండగా స్ప్రే కొట్టకూడదు. స్టవ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

చాక్‌పీసు చవక. గీత దాటిన బొద్దింక కాళ్ళకి పొడి అంటుకుని చస్తుంది. అందులోనూ ఉండేది సైపర్‌మెత్రిన్ లేదా డెల్టామెత్రిన్ లాంటి పైరెథ్రాయిడే. తడిగుడ్డ పెట్టి తుడిచే మన ఇళ్ళల్లో గీత మర్నాటికి ఉండదు. తుడవకుండా వదిలేస్తే ఆ పొడి పిల్లల చేతులకి అంటుతుంది. అన్నిటికన్నా నాకు భయం, అది అచ్చం బళ్ళో రాసే సుద్దముక్కలా ఉండటం. పలక పట్టే వయసు పిల్లలున్న ఇంట్లో ఈ చాక్‌పీసు ఉండకూడదని గట్టిగా చెప్తాను.

క్యారమ్ బోర్డు మీద చల్లుకునే బోరిక్ పౌడర్ చాలామందికి తెలిసిన చిట్కా. నిజంగానే పనిచేస్తుంది. పొడిగా, పలచగా, ఎవరూ తాకని సందులో చల్లితే బొద్దింక ఒంటికి అంటుకుని, అది ఒళ్ళు శుభ్రం చేసుకునేటప్పుడు కడుపులోకి వెళుతుంది. చావడానికి కొన్ని రోజులు పడుతుంది. తడిస్తే ముద్దకట్టి పనికిరాదు, కాబట్టి సింక్ కింద నీళ్ళు కారే చోట దండగ. దీన్ని గోధుమపిండి, పంచదారతో కలిపి ఉండలు చుట్టి పెట్టే అలవాటు మాత్రం వద్దు. చూడ్డానికి తినేదానిలా ఉంటుంది, పిల్లలు నోట్లో వేసుకుంటారు. బోరిక్ యాసిడ్ సంతాన సామర్థ్యానికి హానికరమని యూరప్ వర్గీకరించింది. ఇంటి చిట్కా అనగానే ప్రమాదం లేనిదనుకోవద్దు.

ఇక జెల్. సిరంజిలో వస్తుంది. మన దగ్గర దొరికే వాటిలో ఎక్కువగా ఉండేవి 0.05 శాతం ఫిప్రోనిల్ లేదా 2.15 శాతం ఇమిడాక్లోప్రిడ్. లెక్కేస్తే, 20 గ్రాముల ఫిప్రోనిల్ జెల్‌లో అసలు మందు 10 మిల్లీగ్రాములే. మిగతాదంతా ఎర. బియ్యపుగింజంత చుక్కలు సందుల్లో పెడితే మందు గాల్లో కలవదు, నేలంతా పరుచుకోదు. బొద్దింకే వచ్చి తింటుంది. వెంటనే చావకుండా గూటికి వెళుతుంది. అక్కడ దాని రెట్టని, శవాన్ని తిన్న పిల్ల బొద్దింకలు కూడా చస్తాయి. స్ప్రే చేయలేని పని ఇదే, కనపడని చోటికి మందుని బొద్దింక చేతే మోయించడం. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇళ్ళల్లో చేసిన పరీక్ష ఒకటి 2019లో ప్రచురితమైంది. గదినంతా పొగతో నింపే ఫాగర్లు బొద్దింకల్ని తగ్గించలేకపోయాయి, నేల మీద మాత్రం మందు పేరుకుంది. జెల్ పెట్టిన ఇళ్ళల్లో బొద్దింకలు బాగా తగ్గాయి. ఫాగర్ గురించి ఇంతకుమించి చెప్పడానికేమీ లేదు, కొనొద్దు.

జెల్ కొన్ని ఇళ్ళల్లో పనిచేయకపోవడానికి కారణం ఎక్కువగా పెట్టే తీరులోనే ఉంటుంది. ఒక మూల పెద్ద ముద్దగా పెట్టకూడదు, చాలా చోట్ల చిన్న చుక్కలు పెట్టాలి. కప్‌బోర్డు తలుపుల కీళ్ళు, సింక్ కింది అంచు, ఫ్రిజ్ వెనక, స్టవ్ బండ కింది చీలిక. రాత్రి అంట్లు కడిగి, గట్టు తుడిచి, చెత్తబుట్ట మూసి పెట్టాలి. పక్కన పప్పు మెతుకులుండగా జెల్ ఎందుకు తింటుంది? అన్నిటికంటే ముఖ్యం, జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టొద్దు, ఫినాయిల్‌తో తుడవొద్దు. ఆ వాసనకి అవి ఎర దగ్గరికి రావు. రెండూ వాడితే రెట్టింపు పనిచేస్తుందనుకుని రెండు డబ్బులూ పోగొట్టుకునేవాళ్ళు ఎందరో. వారం పదిరోజుల్లో తేడా తెలుస్తుంది, కొత్తగా పొదిగినవాటి కోసం మళ్ళీ చుక్కలు పెట్టాలి. కొన్నాళ్ళకి తినడం మానేస్తే మందు, ఎర రెండూ వేరుగా ఉన్న జెల్‌కి మారండి. ఎరలో వాడే గ్లూకోజుని అసహ్యించుకునేలా మారిన జర్మన్ బొద్దింకల్ని శాస్త్రవేత్తలు 1990లలోనే గుర్తించారు.

జెల్ కూడా విషమే. పిల్లల చేతికి, కుక్కల నాలుకకి అందే చోట పెట్టకూడదు. బాల్కనీ మొక్కల దగ్గర అసలే వద్దు, ఈ రెండు మందులూ తేనెటీగలకి యమపాశాలు.

డ్రైనేజీనుంచి వచ్చే పెద్ద బొద్దింకలకి జెల్ ఒక్కటే చాలదు. వాటికి మేలైన మందు సన్నటి స్టీలు జాలీ. నేల ట్రాపులో, అంటే బాత్రూమ్ జాలీ కింద నీళ్ళు నిలిచే వంపులో, నీళ్ళు ఎండిపోకుండా చూడటం, పైపు గోడలోకి వెళ్ళే చోట ఖాళీని తెల్ల సిమెంటుతో మూయడం, చాంబర్ మూత పగిలితే మార్పించడం. ఒక్క ఫ్లాటువాళ్ళు చేస్తే షాఫ్టులోంచి మళ్ళీ వస్తాయి కాబట్టి అపార్ట్‌మెంట్ మీటింగులో దీన్ని పెట్టి అందరూ ఒకే వారంలో చేయించుకోవాలి. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ లాంటి చోట్ల హాస్టల్ గదుల్లో ఉండే పిల్లలు తమ గదికే స్ప్రే కొట్టుకుంటే ఆ డబ్బు వృథా, వంటగదికి జెల్ పెట్టించమని యజమానిని అడగాలి.

వాష్‌బేసిన్‌లో, సింక్‌లో వేసే నాఫ్తలీన్ గోళీలు బొద్దింకల్ని చంపవు. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పిల్లలకి వాటివల్ల రక్తకణాలు పగిలి కామెర్లు, రక్తహీనత రావచ్చు. చూడ్డానికి చక్కెర బిళ్ళల్లా ఉంటాయి కూడా. పసిపిల్లలున్న ఇంట్లోంచి ఇవాళే తీసేయండి. లేబుల్ లేని సీసాలో ఎవరైనా ఘాటైన మందు అమ్మినా కొనొద్దు. ఒకప్పుడు పెస్ట్ కంట్రోల్‌వాళ్ళు విరివిగా కొట్టిన డైక్లోర్వాస్‌ని మన దేశంలో 2020 డిసెంబరు 31నుంచి నిషేధించారు. ఇంటికొచ్చే మనిషిని మందు పేరు అడగండి, బిల్లు మీద రాయించుకోండి. ప్యాకెట్ మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

పిల్లలు ఏ మందైనా నోట్లో పెట్టుకుంటే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్ళు తాగించొద్దు. నోరు, చేతులు కడిగి, ఆ ప్యాకెట్ వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఫిట్స్, ఆయాసం, మగత ఉంటే 108కి ఫోన్ చేయండి. ఏ రసాయనమో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది కాబట్టి డాక్టర్లకి చికిత్స మొదలుపెట్టడం తేలికవుతుంది.