కూడాలా, తీసేయాలా? పట్టీల బొమ్మలతో రెండేళ్లు

మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు హోంవర్క్ వేళ మా ఇంట్లో వినపడే మాట ఒక్కటే. "అమ్మా, ఇది ప్లస్సా, మైనస్సా?" నేను మిషన్ మీద జాకెట్టు కుడుతూ తల తిప్పకుండా "ప్లస్" అనేదాన్ని. జవాబు కుదరకపోతే "అయితే మైనస్" అని తనే మార్చేసుకునేది. అసలు లెక్కలో ఏముందో చదవాలన్న ఆలోచన తనకీ లేదు, నాకూ లేదు.

అలాగని లెక్కలు రాని పిల్ల కాదు. కూడికలు, తీసివేతలు అంకెల్లో వేసి ఇస్తే ఒక్కటీ తప్పు పోయేది కాదు. పన్నెండో ఎక్కం దాకా గడగడా చెప్పేది. అదే లెక్కను మూడు వాక్యాల్లో రాసి ఇస్తే చేతులెత్తేసేది. విశాఖ గోపాలపట్నంలో మా వీధిలోనే ఉన్న ట్యూషన్‌కి పంపితే అక్కడ ఒక చిట్కా నేర్పారు. 'టోటల్' కనబడితే ప్లస్, 'మోర్' కనబడితే ప్లస్, 'లెఫ్ట్' కనబడితే మైనస్. రెండు నెలలు మార్కులు బాగానే వచ్చాయి. తర్వాత ఈ లెక్క వచ్చింది:

"రాము దగ్గర 36 గోళీలు ఉన్నాయి. అవి సోము దగ్గర ఉన్నవాటికంటే 12 ఎక్కువ. ఇద్దరి దగ్గరా కలిపి ఎన్ని?"

'ఎక్కువ' ఉంది కాబట్టి 36కి 12 కలిపి సోముకి 48 ఇచ్చేసింది. 'కలిపి' ఉంది కాబట్టి మళ్లీ కూడి 84 రాసింది. చిట్కా ప్రకారం రెండు మెట్లూ కరెక్టే. సోము మాత్రం రాము కంటే ధనవంతుడైపోయాడు.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక టీచరమ్మ ఈ గొడవంతా విని, "అంకెల జోలికి పోకముందు పట్టీలు గీయించమ్మా" అన్నారు. దీన్ని బార్ మోడల్ అంటారు. 1980ల్లో సింగపూర్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల బృందం, కో టెక్ హాంగ్ అనే ఆయన ఆధ్వర్యంలో, ప్రాథమిక తరగతుల కోసం తయారుచేసిన పద్ధతి. ముందు వస్తువును చేత్తో పట్టుకోవాలి, తర్వాత బొమ్మ గీయాలి, ఆఖరున అంకెలు వేయాలి. లెక్కలో ఎవరికి ఎంతుందో పొడుగు పట్టీ, పొట్టి పట్టీగా గీస్తే దేన్ని కూడాలో దేన్ని తీసేయాలో బొమ్మే చెబుతుందని వాళ్ల మాట.

నా ఇంట్లో పట్టీలకు కొదవేముంది? లైనింగ్ గుడ్డ ముక్కలు సంచినిండా ఉంటాయి. కటింగ్ బల్ల మీద ఒక ఎర్ర పట్టీ, ఒక పసుపు పట్టీ పరిచాను. "ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయి?" అంటే "రాము దగ్గర" అంది. "అయితే పొడుగు పట్టీ ఎవరిది?" ఎర్రది రాముకి ఇచ్చింది. "36 ఎవరివి?" ఎర్రదాని మీద మార్కింగ్ చాక్‌తో 36 అని రాసింది. పసుపుదాన్ని పక్కన ఆనించి, ఎర్రది ఎంత పొడుచుకొచ్చిందో ఆ ముక్క మీద 12 అని రాసింది. రాసి ఆగిపోయింది. ఆ పొడుచుకొచ్చిన ముక్కను వెనక్కి మడిచి, "అంటే సోముకి 24 అమ్మా! మరి నేను 48 ఎందుకు రాశాను?" అని నన్నే అడిగింది. ప్లస్సా మైనస్సా అని అడగలేదు. ఆ సాయంత్రం ఇవ్వాల్సిన జాకెట్టు మర్నాటికి వాయిదా పడింది.

ఇప్పుడు తను ఐదో తరగతి. ఈ రెండేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, పట్టీలో మహిమేమీ లేదు. పట్టీ వేయాలంటే ఎవరిది పొడుగో తేల్చుకోవాలి, అది తేల్చుకోవాలంటే లెక్క చదవక తప్పదు. ఈ పద్ధతి చేసే మేలు ఇంతే. నా దృష్టిలో అది చాలా పెద్ద మేలు.

అన్నిటికంటే బాగా పనికొచ్చింది భిన్నాల్లో. నాలుగో తరగతిలో ఒక లెక్క: 600 రూపాయల్లో 2/5 వంతు పుస్తకాలకు ఖర్చయింది, మిగిలినదానిలో 1/3 వంతు బస్సుకి. ఇంకా ఎంత ఉంది? మా ఆయన ఆటోనగర్‌లో రోజంతా బిల్లులు వేసే మనిషి. ఆయన కూడా ముందు 600లో 1/3 తీసేశాడు. పిల్ల పట్టీని ఐదు గళ్లు చేసింది, ఒక్కో గడి 120. రెండు గళ్లు కొట్టేసింది. మిగిలినవి మూడు గళ్లు, వాటిలో మూడో వంతు అంటే ఒక్క గడి. అదీ కొట్టేస్తే రెండు గళ్లు, 240. 'మిగిలినదానిలో' అన్న మాట మా ఆయన కంటికి ఆనలేదు. పట్టీలో మాత్రం అది మూడు గళ్లై కూర్చుంది.

భాష సంగతి చెప్పాలి. మా పిల్లది ఇంగ్లీష్ మీడియం. "హౌ మెనీ ఆర్ లెఫ్ట్" అంటే ఎడమ పక్కన ఎన్ని ఉన్నాయని అనుకున్న రోజులున్నాయి. 'త్రీ టైమ్స్' అంటే మూడుసార్లు ఏం చేయాలో తెలిసేది కాదు. అందుకని మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. లెక్కను ముందు నాకు తెలుగులో కథలా చెప్పాలి, అప్పుడే పట్టీ. 'మూడు రెట్లు' అనగానే పని తేలికైంది. తమ్ముడిది ఒక ముక్క, అక్కది అలాంటివే మూడు ముక్కలు, ఇద్దరికీ కలిపి 80 రూపాయలైతే ముక్కకి 20. పక్కింటి అబ్బాయి ప్రభుత్వ బడిలో చదువుతున్నాడు. 2020 నుంచి వాళ్లకిచ్చే పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఆ లెక్కల పుస్తకం అడిగి తెచ్చుకున్నాం. డబ్బు పెట్టి కొన్న బార్ మోడల్ వర్క్‌బుక్ కంటే అదే ఎక్కువ నలిగింది. వర్క్‌బుక్‌లో అన్నీ డాలర్లు, సెంట్లు. వాటిని రూపాయలు చేసి, ఆపిల్స్‌ని సింహాచలం అనాసపళ్లు చేసి చెప్పుకోవాల్సి వచ్చేది.

ఇక కుదరని చోట్లు. భాగహారంలో శేషం వచ్చే లెక్కలకు పట్టీ దండగ. "130 మంది పిల్లలు జూకి వెళ్తున్నారు. బస్సుకి 40 మంది పడతారు. ఎన్ని బస్సులు కావాలి?" పట్టీ చక్కగా గీసి "మూడు బస్సులు, శేషం పది" అని రాసింది. "ఆ పదిమందీ నడిచి వెళ్తారా?" అంటే "ఆటో మాట్లాడదాం" అంది. ఇది మన పిల్లలకే వచ్చిన జబ్బేమీ కాదులెండి. 1980ల మొదట్లో అమెరికాలో పదమూడేళ్ల పిల్లలకు ఇలాంటిదే ఇచ్చారట: 1,128 మంది సైనికులు, బస్సుకి 36 మంది. 32 బస్సులని సరిగ్గా చెప్పినవాళ్లు నూటికి 23 మందే. '31, శేషం 12' అని రాసినవాళ్లు అంతకంటే ఎక్కువ. మా పిల్లకి ఇది పట్టీతో రాలేదు, గుడ్డతో వచ్చింది. రెండు మీటర్ల గుడ్డ, జాకెట్టుకి 80 సెంటీమీటర్లు. రెండే జాకెట్లు వస్తాయి, 40 సెంటీమీటర్లు మిగులుతుంది. మిగిలిన గుడ్డను పక్కన పడేయొచ్చు, మిగిలిన పిల్లల్ని పడేయలేం. బస్సు లెక్కలో ఒకటి పెంచాలని, జాకెట్టు లెక్కలో పెంచకూడదని అప్పుడు తెలిసింది.

సంవత్సరాల లెక్కల్లోనూ పట్టీ ఒక్కోసారి బోల్తా కొట్టిస్తుంది. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూసొచ్చాక, అది నేవీలో ఎన్నేళ్లు పనిచేసిందో చెప్పమన్నాను. 1969 నుంచి 2001 దాకా పట్టీ గీసి 32 అంది. నేనూ సరే అన్నాను. తీరా చూస్తే చేరింది 1969 డిసెంబరు 18న, విరమించింది 2001 ఫిబ్రవరి 27న. నిండినవి 31 ఏళ్లే, పైన రెండు నెలల చిల్లర. పట్టీకి రెండు చివర్లూ తెగి ఉన్నాయని ఇద్దరం చూసుకోలేదు.

టైమ్ కూడా తింటుంది. మొదట్లో లెక్కకి పది నిమిషాలు పట్టేది. పరీక్షలో పట్టీలు గీస్తూ ఆఖరి రెండు లెక్కలు వదిలేసి వచ్చింది. పైగా పేపర్లో బొమ్మ గీసినందుకు బడిలో అర మార్కు కోసి, రఫ్ వర్క్ మార్జిన్‌లో చేయాలని రాశారు. జవాబు సరైనదే. ఆ అర మార్కు కోసం పిల్ల ఏడ్చింది, నాకు ఒళ్లు మండింది, కానీ వెళ్లి అడగలేదు. అప్పటినుంచి మార్జిన్‌లోనే చిన్న గీతలు గీయడం అలవాటు చేశాను. ఇప్పుడు తేలిక లెక్కలకు అవీ గీయడం లేదు, భిన్నాలకు మాత్రం గీస్తుంది.

మొదలుపెట్టేవాళ్లు రోజుకి రెండు లెక్కలకు మించి చేయించకండి. నేను మొదటి వారం ఎనిమిది చేయించి పిల్లకి పట్టీ అంటేనే చిరాకు తెప్పించాను. కనీసం పదిహేను రోజులు గుడ్డతోనో కాగితం ముక్కలతోనో చేయించాకే పెన్సిల్ ఇవ్వండి. ఒకటో తరగతి పిల్లలకు ఇది అక్కర్లేదు, చింతపిక్కలు చాలు. వర్క్‌బుక్ ఒకటి చాలు. నేను హుషారులో రెండు కొన్నాను. రెండోది బీరువాలో కొత్తగా అలాగే ఉంది, పక్కింటి అబ్బాయికి ఇద్దామంటే వాడూ డాలర్లు వద్దంటున్నాడు.