మీథేన్ నుంచి మిథనాల్: ఏ ఆక్సైడ్ మేలు?

మీథేన్‌ను నేరుగా మిథనాల్‌గా మార్చే ఉత్ప్రేరకాల్లో ఏది మేలని అడిగితే, అది మీథేన్‌ను ఎంత తేలిగ్గా విడగొడుతుందో చాలామంది ముందుగా చూస్తారు. నా లెక్కలో అసలు పరీక్ష వేరు: పుట్టిన మిథనాల్‌ను అది కాల్చేయకుండా వదులుతుందా? మీథేన్‌లో ఒక కార్బన్–హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు దాదాపు 440 కిలోజౌళ్లు కావాలి. మిథనాల్‌కు 400 చాలు. అందుకే మీథేన్‌ను లొంగదీసే ఉపరితలం మిథనాల్‌ను ఇంకా తేలిగ్గా పట్టుకుని కార్బన్ డయాక్సైడ్ దాకా లాక్కెళ్తుంది.

ఇరీడియం ఆక్సైడ్ దీనికి మంచి ఉదాహరణ. దాని ఒక స్ఫటిక ముఖం 150 కెల్విన్ దగ్గరే, అంటే సున్నాకు 120 డిగ్రీలకు పైగా కిందే, మీథేన్ బంధాన్ని తెంచుతుందని 2017లో తేలింది. చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. కానీ తెగిన ముక్కలు ఉపరితలాన్ని గట్టిగా అంటుకుంటాయి. వేడి చేస్తే కార్బన్ ఆక్సైడ్లు, నీరు వస్తాయి. పైగా ఇరీడియం చాలా అరుదైన లోహం. మిథనాల్ కోసమైతే నేను దీన్ని ఎంచుకోను.

రాగి నింపిన మోర్డినైట్ జియోలైట్‌ది (జియోలైట్ అంటే సన్నని రంధ్రాలతో నిండిన అల్యూమినియం–సిలికాన్ ఖనిజం; మోర్డినైట్ అందులో ఒక రకం) వేరే దారి. సన్నని రంధ్రాల్లో రెండు మూడు రాగి పరమాణువులు ఆక్సిజన్‌తో కలిసి చిన్న గుంపులుగా ఉంటాయి. ముందు పొడిని 450 డిగ్రీల దగ్గర ఆక్సిజన్‌లో వేడి చేస్తారు. 200కు చల్లార్చి మీథేన్ పంపిస్తారు. చివరికి ఆవిరి పట్టిస్తే మిథనాల్ బయటికొస్తుంది. ఆక్సిజన్, మీథేన్ ఎప్పుడూ కలవవు కాబట్టి మిథనాల్ కాలిపోదు. అయితే ఒక్కో విడతకు గ్రాము పొడి నుంచి వచ్చేది వంద మైక్రోమోళ్ల స్థాయిలోనే, అంటే మూడు మిల్లీగ్రాములు! దానికోసం ప్రతిసారీ వేడి చేసి, చల్లార్చి, మళ్లీ మొదలెట్టాలి. పద్ధతి నమ్మకమైనదే, ప్లాంటుకు మాత్రం భారం.

ఇనుము నింపిన జియోలైట్ గది ఉష్ణోగ్రత దగ్గరే మీథేన్‌తో చర్య జరుపుతుంది కానీ దాన్ని సిద్ధం చేయడానికి ఆక్సిజన్ బదులు నైట్రస్ ఆక్సైడ్ కావాలి. ఆ ఖర్చు దగ్గరే ఆగిపోతాం.

నా ఓటు సీరియం ఆక్సైడ్–రాగి ఆక్సైడ్ జోడీకి. మీథేన్, ఆక్సిజన్, నీటి ఆవిరి మూడూ కలిపే పంపవచ్చు. 2020లో వచ్చిన పరిశోధన ప్రకారం రెండు ఆక్సైడ్లు కలిసే అంచున ఉన్న సీరియం దగ్గర నీరు ముందుగా విడిపోతుంది. అలా ఏర్పడిన హైడ్రాక్సిల్ (నీటి నుంచి వచ్చిన OH ముక్క) మెథాక్సీని (మీథేన్ ముక్కకు ఆక్సిజన్ చేరి ఉపరితలానికి అంటుకున్న CH₃O) మరింత ఆక్సీకరణం కానివ్వకుండా అడ్డుకుని, నేరుగా మిథనాల్‌గా మారుస్తుంది. తయారైన మిథనాల్‌ను ఉపరితలం నుంచి తోసేసేదీ నీరే. కాపలా పని నీటికి అప్పగించిన ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది.

ఇది ఎక్కువగా శుభ్రమైన రాగి స్ఫటికం మీద చూసిన ఫలితమని మరవకూడదు. దీన్ని పొడి రూపంలో తయారు చేసి వాడినప్పుడు, మారిన మీథేన్‌లో మిథనాల్ అయిన వాటాతో పాటు, మొత్తం ఎంత మీథేన్ మారిందో కూడా అడగాలి. ఒక శాతం లోపు మారితే ఏ ఉత్ప్రేరకమైనా గొప్పగానే కనిపిస్తుంది.